పాపికొండలకి కార్లో ఏ రూట్: భద్రాచలమా, రాజమండ్రా, మారేడుమిల్లి ఘాటా?

చలికాలం మొదలయ్యిందంటే చాలు మా చుట్టాల్లో, ఆఫీసులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకటే ప్రశ్న, పాపికొండలకి కార్లో వెళ్దామనుకుంటున్నాం ఏ రూట్ బాగుంటుంది అని. మ్యాప్ తెరిస్తే మూడు నాలుగు దార్లు కనబడతాయి, ఏది తక్కువ కిలోమీటర్లుంటే దాన్ని పట్టుకుని బయల్దేరిపోతారు. నేను ఈ గోదావరి లోయకి భద్రాచలం వైపు నుంచీ వెళ్లాను, రాజమండ్రి వైపు నుంచీ వెళ్లాను, మధ్యలో మారేడుమిల్లి ఘాట్ రెండు వైపులా ఎక్కి దిగాను. ఇన్నిసార్లు తిరిగాక నాకు తేలింది ఒక్కటే, ఇక్కడ రూట్ పెట్టుకోవాల్సింది కిలోమీటర్లు చూసి కాదు, పొద్దు గుంకే టైంకి మీ కారు ఎక్కడుంటుందో చూసి. అడివిలో ఉంటే ఆ ప్లాన్ మార్చుకోండి, ఊళ్లో ఉంటే అదే మంచి ప్లాన్.

అన్నిటికంటే ముందు బోటు ఎక్కడ ఎక్కుతారో తేల్చుకోండి

పాపికొండల మధ్యలోకి కారు పోదు, అసలు చూడాల్సింది చూడాలంటే బోటెక్కాల్సిందే. బోట్లు రెండు చోట్ల నుంచి బయల్దేరతాయి. కింద వైపు, అంటే రాజమండ్రి వైపు, దేవీపట్నం మండలంలో గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి. పై వైపు, అంటే భద్రాచలం వైపు, వి.ఆర్.పురం మండలంలో పోచవరం నుంచి. పేర్లు చూశారుగా, ఒకటి పోచమ్మ ఇంకోటి పోచవరం. నది మీద ఈ రెండూ కొండల సందుకి అటు చివరా ఇటు చివరా ఉంటాయి, కానీ ఒక దగ్గర నుంచి ఇంకో దగ్గరికి కార్లో రావాలంటే రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు చుట్టి రావాలి, వంద కిలోమీటర్లకి పైనే, అందులో ఘాట్ కూడా.

మా బావగారి వాళ్లు ఇట్లాగే ఇరుక్కున్నారు. రాముల వారి దర్శనం అయిపోతుందని ముందురోజు రాత్రి భద్రాచలంలో రూం తీసుకున్నారు, బోటు టికెట్లేమో వేరే వాళ్లు బుక్ చేశారు, పొద్దున ఆరింటికి కారు స్టార్ట్ చేసి మెసేజ్ సరిగ్గా చదివితే గండి పోచమ్మ అని ఉంది. రెండు కార్లు, ఎనిమిది మంది, అందులో డెబ్భై దాటిన అత్తయ్యగారు. ఎంత తొక్కినా అందదు. ఆ డబ్బులు పోయాయి, పిల్లల మొహాలు చూళ్లేకపోయారు. అందుకే చెప్తున్నా, టికెట్ మీద బోటు పాయింట్ పేరు, మండలం పేరు రెండూ చూసుకుని ఆ తర్వాతే రూం బుక్ చేసుకోండి, ఆ తర్వాతే రూట్.

ఇంకో మాట, పాత వీడియోల్లో పట్టిసీమ నుంచి, పురుషోత్తపట్నం నుంచి బోటెక్కడం చూపిస్తారు. పోలవరం ప్రాజెక్టు పనులతో ఆ కథ మారింది, డ్యాంకి ఎగువన ఉన్న గండి పోచమ్మ దగ్గరికే వెళ్లాలి. పాత వీడియో చూసి లొకేషన్ పెట్టుకోవద్దు.

నది మట్టం చూడకుండా డేట్ ఫిక్స్ చేయొద్దు

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అయితే ఈ భాగం చదవకపోయినా పర్లేదు. జూలై, ఆగస్టు, సెప్టెంబర్‌లో వెళ్దామనుకునేవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

భద్రాచలంలో గోదావరి మట్టం 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరదలప్పుడు ప్రతి న్యూస్ ఛానల్లో ఈ నంబర్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి వెతుక్కోనక్కర్లేదు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది, అప్పుడు బ్రిడ్జి మీద రాకపోకలే ఆపేశారు, 1986లో అయితే 75.6 అడుగులు. ఇవి పెద్ద వరదలు, కానీ రోడ్డు మూసుకుపోవడానికి అంత వరద అక్కర్లేదు. గోదావరి నిండుగా వస్తుంటే కూనవరం దగ్గర కలవాల్సిన శబరి నీళ్లు పోవడానికి దారి లేక వెనక్కి తంతాయి, దాంతో చింతూరు, వి.ఆర్.పురం చుట్టుపక్కల సోకులేరు లాంటి వాగులు రోడ్డెక్కేస్తాయి. అక్కడ ఒక్క చినుకు పడకపోయినా, ఎండ కాస్తున్నా రోడ్డు మీద నీళ్లుంటాయి. హైదరాబాద్‌లో కూర్చుని వెదర్ యాప్‌లో చింతూరుకి ఎండ బొమ్మ చూసి బయల్దేరితే మోసపోయేది ఇక్కడే, చూడాల్సింది చింతూరు వాన కాదు భద్రాచలం మట్టం.

వరద టైంలో బోట్లు కూడా ఆపేస్తారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎంతమంది పోయారో మనందరికీ గుర్తే, అది వరద నీళ్లలోనే జరిగింది. ఆ తర్వాత చాలా కాలం బోట్లు ఆపేశారు. కాబట్టి ఎవరైనా ఏం కాదు సార్ తీసుకెళ్తాం అన్నా వరద రోజుల్లో ఎక్కొద్దు, లైఫ్ జాకెట్ ఉక్కపోస్తుందని తీసి పక్కన పెట్టొద్దు.

భద్రాచలం వైపు

హైదరాబాద్ నుంచి అయితే విజయవాడ హైవేలో సూర్యాపేట దాకా వచ్చి, అక్కడ ఖమ్మం వైపు తిరిగి, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా బ్రిడ్జి దాటితే భద్రాచలం. సుమారు 310 కిలోమీటర్లు. పొద్దున అయిదింటికి బయల్దేరితే టిఫిన్‌కీ టీకీ ఆగుతూ వచ్చినా మధ్యాహ్నానికి చేరిపోతారు. ఖమ్మం దాకా రోడ్డుకి పేరు పెట్టక్కర్లేదు. కొత్తగూడెం దగ్గర పడేకొద్దీ బొగ్గు టిప్పర్లు, లారీలు ఎక్కువ, ఇది సింగరేణి ఊరు కదా, అక్కడ ఓవర్‌టేక్‌కి తొందరపడొద్దు, ఒక లారీ దాటితే ముందు ఇంకో నాలుగుంటాయి.

మధ్యాహ్నం గుడి కాసేపు మూస్తారు కాబట్టి ఆ టైంలో భోంచేసి కాస్త నడుం వాల్చి సాయంత్రం దర్శనానికి వెళ్తే హాయిగా ఉంటుంది. ఇంకా ఓపిక ఉంటే పర్ణశాల 35 కిలోమీటర్లు, వెలుతురుండగా వెళ్లొచ్చేయండి.

మర్నాడు పొద్దున్నే పోచవరం. భద్రాచలం ఊరు తెలంగాణ, ఊరు దాటి ఎటపాక వచ్చేసరికి ఆంధ్రా. 2014లో పోలవరం ముంపు మండలాల్ని ఆంధ్రాలో కలిపినప్పుడు గీత ఇట్లా పడింది. సొంత కారుకి దీంతో పనిలేదు గానీ ట్యాక్సీ మాట్లాడుకుంటే మాత్రం పక్క రాష్ట్రం పర్మిట్ సంగతి ముందే డ్రైవర్‌తో మాట్లాడుకోండి. ఎటపాక, నెల్లిపాక, కూనవరం, వి.ఆర్.పురం, పోచవరం, మొత్తం 75 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రెండు గంటలు పెట్టుకోండి. హైవే వదిలాక రోడ్డు సన్నం, ఊళ్ల మధ్యలోంచి వెళ్తుంది, మేకలు, పశువులు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ఇక్కడ నలభై మీద వెళ్లాల్సిన పనేం లేదు.

కూనవరం దగ్గర శబరి బ్రిడ్జి ఎక్కేటప్పుడు కారు ఒక పక్కకి, ఊరు వైపు వెడల్పు చూసుకుని ఆపుకుని రెండు నిమిషాలు నడిచి వెళ్లి చూడండి. జనవరిలో పొద్దున ఏడింటికి మేం ఆగినప్పుడు నీళ్ల మీద పొగమంచు పరుచుకుని ఉంది, కింద నది కనపడట్లేదు, తెడ్డు నీళ్లలో పడే చప్పుడు మాత్రం వినపడుతోంది, కాసేపటికి ఆ మంచులోంచి నాటుపడవ ముక్కు బయటికొచ్చింది, దాని వెనక వల సర్దుకుంటున్న మనిషి. మా అమ్మ ఆ రోజు బోటులో చూసినవన్నీ మర్చిపోయింది గానీ ఇది మాత్రం ఇప్పటికీ చెప్తుంది.

ఈ రూట్‌లో నాకు నచ్చేదేంటంటే గుడి, నది, బోటు మూడూ కలిసొస్తాయి, హైదరాబాద్ వాళ్లకి దూరం తక్కువ. నచ్చనిది బోటు దిగాక మళ్లీ ఆ సన్న రోడ్డు మీద 75 కిలోమీటర్లు వెనక్కి రావడం. బోటు కాస్త లేటైతే చీకట్లో డ్రైవింగే. అందుకని బోటు రోజు రాత్రి కూడా భద్రాచలంలోనే ఉండండి, దిగి అట్నుంచటే హైదరాబాద్ వెళ్లిపోదామన్న ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

విజయవాడ వాళ్లకి కూడా ఇటు దారుంది, ఇబ్రహీంపట్నం, మైలవరం, తిరువూరు, కొత్తగూడెం మీదుగా, కానీ మీకు రాజమండ్రి వైపే సుఖం.

రాజమండ్రి వైపు

డ్రైవింగ్ కొత్తగా నేర్చుకున్నవాళ్లు, చిన్నపిల్లలున్నవాళ్లు, పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు కళ్లు మూసుకుని ఇటు వెళ్లండి. విజయవాడ నుంచి ఏలూరు మీదుగా రాజమండ్రి 160 కిలోమీటర్ల లోపే, పెద్ద హైవే, తోవ పొడుగునా హోటళ్లు, బంకులు, ఆసుపత్రులు. వైజాగ్ నుంచి 200 లోపు. హైదరాబాద్ నుంచి విజయవాడ మీదుగా వస్తే 420 దాటుతుంది, దూరం ఎక్కువే, కానీ డ్రైవర్ అలిసిపోయేది దూరానికి కాదు మలుపులకి, లారీలకి. సంక్రాంతి ముందు నాలుగు రోజులు మాత్రం హైదరాబాద్–విజయవాడ హైవే జోలికి వెళ్లొద్దు, టోల్ గేట్ల దగ్గరే సగం పూట అయిపోతుంది.

హైదరాబాద్ వాళ్లకి ఇంకో దారి, ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా. విజయవాడ ట్రాఫిక్ తగలదు, ఆయిల్‌పామ్ తోటలు, జీడిమామిడి తోటల మధ్యలోంచి మంచి డ్రైవ్, కాకపోతే ఊళ్లు తగులుతూ ఉంటాయి. ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ హైవే ఉంది చూడండి, అది ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగొచ్చో బయల్దేరే రోజు మ్యాప్‌లో చూసుకోండి, కుదిరితే అదే ఎక్కేయండి.

కొవ్వూరు వైపు నుంచి రాజమండ్రి వస్తుంటే పిల్లలున్న కారైతే 2015లో కట్టిన కొత్త బ్రిడ్జి కాకుండా పాత రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద నుంచి రండి. 1974 నాటిది, పైన మనం, కింద రైలు. రైలు వచ్చినప్పుడు బ్రిడ్జి అదిరేది కారు సీట్లో తెలుస్తుంది. రిపేర్లకి మూసే రోజులుంటాయి, కొవ్వూరులో ఎవర్నడిగినా చెప్తారు.

రాజమండ్రి నుంచి గండి పోచమ్మ సుమారు 40 కిలోమీటర్లు. చాలా ప్యాకేజీల్లో రాజమండ్రి నుంచి బోటు దాకా బస్సు కూడా కలిపే ఉంటుంది, అట్లాంటిది దొరికితే కారు హోటల్ దగ్గర వదిలేసి బస్సులో వెళ్లడమే నయం. సాయంత్రం బోటు దిగేసరికి అందరూ అలిసిపోయి ఉంటారు, ఎండ, నీళ్ల గాలి కలిసి డ్రైవర్‌కి నిద్ర ముంచుకొస్తుంది, అప్పుడు స్టీరింగ్ పట్టుకోవాల్సిన అవసరం లేకపోవడం చాలా పెద్ద సుఖం.

లోటు ఏంటంటే రోడ్డు మీద చూడ్డానికి ఏమీ ఉండదు. హైవే హైవేలాగే ఉంటుంది. ట్రిప్ మొత్తం ఆ ఒక్క బోటు రోజు మీదే ఆధారపడుతుంది.

మారేడుమిల్లి ఘాట్ మీదుగా

నాకు ఈ లోయ అంటే ప్రాణం రావడానికి కారణం ఈ రోడ్డే. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి 85 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఘాట్ దిగితే చింతూరు, చింతూరు నుంచి భద్రాచలం ఇంకో గంటా గంటన్నర. అంటే ఇది పాపికొండలకి విడిగా ఒక రూట్ కాదు, పై రెండు రూట్లనీ కలిపే దారి. కొండకి ఒక పక్క నుంచి వచ్చి రెండో పక్క నుంచి ఇంటికి పోవచ్చు.

మారేడుమిల్లి దాటాక రోడ్డు చెట్ల కిందికి దూరిపోతుంది. మిట్టమధ్యాహ్నం కూడా నీడే. అద్దాలు దించి ఏసీ ఆపేయండి, పచ్చి ఆకు వాసన, ఎక్కడో వాగు పారే చప్పుడు. మలుపు మలుపుకీ హారన్ కొట్టాలి, ఎదురుగా బస్సు వస్తే ఆ మలుపంతా దానికే సరిపోతుంది, మనం వెనక్కి తగ్గాలి. ఎక్కే బండికి దారివ్వాలన్నది ఇక్కడ మొహమాటానికి కాదు, దిగే బండి ఆగి మళ్లీ కదలగలదు, ఎక్కే బండి ఆగితే వెనక్కి జారుతుంది. దిగేటప్పుడు రెండో గేరులో దిగండి, బ్రేకు మీద కాలు పెట్టి మొత్తం దిగితే కింద కొచ్చేసరికి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత బ్రేకులు పట్టవు. ఆటోమేటిక్ కారైనా తక్కువ గేరులో పెట్టుకునే పద్ధతి ఉంటుంది, ఇంటి దగ్గరే నేర్చుకుని రండి.

మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్ ఎక్కితే మధ్యాహ్నం మూడులోపు దాటేయాలి, ఇది నా రూల్. చలికాలంలో కొండల్లో అయిదింటికే మసకేస్తుంది, పొద్దునేమో పొగమంచు విడవడానికి ఎనిమిదిన్నర అవుతుంది. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. పాపికొండల నేషనల్ పార్క్ ఉండేది ఈ కొండల్లోనే, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైన అడివి, రాత్రిపూట జంతువులు రోడ్డు దాటుతాయి. బండి ఆగిపోతే మెకానిక్ రంపచోడవరం నుంచో చింతూరు నుంచో రావాలి. పెట్రోలు కొండెక్కే ముందే ఫుల్ చేయించండి.

మారేడుమిల్లిలో బొంగు చికెన్ తినకుండా రావొద్దు. పచ్చి వెదురు బొంగులో మసాలా కలిపిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు, బొంగు పైన నల్లగా అయ్యాక చివర తీసి విస్తట్లోకి గుమ్మరిస్తారు. ఆ ముక్కల్లో వెదురు వాసన ఉంటుంది, ఇంట్లో ఎంత ట్రై చేసినా నాకు రాలేదు. పక్కనే కూర్చుని కాల్చేది చూడండి, అరగంట పైనే పడుతుంది, తొందరపెట్టొద్దు.

జలపాతాలు, వాగుల దగ్గర పైపైన చూసి వచ్చేయండి. అమృతధార, జలతరంగిణి రెండూ బావుంటాయి. కానీ పైన కొండల్లో వాన పడితే ఇక్కడ నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి, లోతు తెలీదు, రాళ్లు నాచుపట్టి ఉంటాయి. ఈతొచ్చిన కుర్రాళ్లే పోతున్నారు, దయచేసి దిగొద్దు.

వైజాగ్ వాళ్లు కొంతమంది నర్సీపట్నం, చింతపల్లి, సీలేరు, మోతుగూడెం మీదుగా చింతూరుకి దిగుదామంటారు. అడివి చూస్తే కళ్లు తిరుగుతాయి, నిజమే, కానీ ఫ్యామిలీతో మొదటిసారి అయితే వద్దంటాను, చాలా లోపలి రోడ్డు, చెకింగులు ఎక్కువ, టైం చేతిలో ఉండదు. దానికంటే నర్సీపట్నం, కృష్ణదేవిపేట, అడ్డతీగల, రంపచోడవరం దారి మేలు, కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి దగ్గర కాసేపు ఆగొచ్చు కూడా.

ఒక్క చూపులో

| | భద్రాచలం వైపు | రాజమండ్రి వైపు | మారేడుమిల్లి మీదుగా |
|---|---|---|---|
| బోటు పాయింట్ | పోచవరం | గండి పోచమ్మ | రెండిట్లో ఏదైనా |
| హైదరాబాద్ నుంచి | సుమారు 310 కి.మీ | 400 పైనే | రానూపోనూ చుట్టు తిరిగి వస్తే 900 పైనే |
| రోడ్డు | చివరి 75 కి.మీ సన్నం | దాదాపు అంతా మంచి రోడ్డు | ఘాట్, మలుపులు |
| వరద రోజుల్లో | రోడ్లే మునుగుతాయి | రోడ్డు పర్లేదు, బోటు ఉండదు | చింతూరు వైపు మూసుకుపోవచ్చు |
| ఎన్ని రోజులు | 3 | 3, విజయవాడ వాళ్లకి 2 | 4 |

మరి మీకు ఏది

వాంతులయ్యే పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కార్లో ఉంటే రాజమండ్రి, ఇంక ఆలోచించొద్దు. రాముల వారి మొక్కు ఉంటే భద్రాచలం. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్, డ్రైవ్ చేసేవాళ్లు కనీసం ఇద్దరుంటే ఘాట్. జూలై, ఆగస్టుల్లో మాత్రమే లీవు దొరుకుతుందంటే పాపికొండలు పక్కన పెట్టి రాజమండ్రి, మారేడుమిల్లి దాకా వెళ్లి అట్నుంచటే వెనక్కి వచ్చేయండి, చింతూరు వైపు దిగొద్దు, ఆ రోజుల్లో కొండలు పచ్చగా మంచి అందంగా ఉంటాయి.

ఒకే ఒక్క డ్రైవర్ ఉండి శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి వెళ్లి వచ్చేద్దామనుకుంటే, వద్దండి. శనివారం రాత్రి ప్రయాణం, ఆదివారం బోటు, ఆదివారం రాత్రి మళ్లీ డ్రైవింగ్, సోమవారం ఆఫీసు, ఇట్లా ప్లాన్ చేసినవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. ఒక్క రోజు లీవు పెట్టండి, లేదా రాజమండ్రి దాకా రైల్లో వచ్చి అక్కడ బండి మాట్లాడుకోండి.

నాలుగు రోజులుంటే నేను చేసేది ఇది. మొదటి రోజు భద్రాచలం, సాయంత్రం దర్శనం. రెండో రోజు చీకటితో లేచి పోచవరం, బోటు, రాత్రికి మళ్లీ భద్రాచలం. మూడో రోజు ఏడున్నరకి బయల్దేరి చింతూరు, అక్కడికి వచ్చేసరికి మంచు విడుతుంది, ఘాట్ ఎక్కి మధ్యాహ్నానికి మారేడుమిల్లి, బొంగు చికెన్, మూడింటికల్లా రాజమండ్రి వైపు బయల్దేరితే వెలుతురుండగానే గోకవరం దాటేస్తాం. రాజమండ్రిలో పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చునేసరికి దీపాలు పెడుతుంటారు. నాలుగో రోజు మెల్లగా టిఫిన్ చేసి ఇంటికి. ఈ లూప్‌ని రివర్స్‌లో చేసినా దూరం అంతే, కానీ అటు నుంచి వస్తే మారేడుమిల్లిలో భోజనాలయ్యాక ఘాట్ దిగాలి, చింతూరు దాటి భద్రాచలం వచ్చేసరికి చీకటి పడుతుంది, అందుకే నేను ఎప్పుడూ భద్రాచలం నుంచే మొదలుపెడతాను.